ఇంటి తెరకు కొత్త డిస్కులు అవసరమా?

‘కొత్త యొక వింత, పాత యొక రోత’ అను సామెత ఇంటిలో సినిమా చూచుటకై పుట్టిన సాధనముల విషయమున అక్షరాల నిజమైనది. గడచిన 50 సంవత్సరములలో టేపు, లేజర్ డిస్కు, వీసీడీ, డీవీడీ, బ్లూ-రే, అల్ట్రా హెచ్‌డీ బ్లూ-రే అను రూపములు ఒకదాని వెనుక ఒకటి వచ్చినవి. ప్రతి రూపము వచ్చినపుడును గృహస్థునకు చెప్పబడినది ఒకే మాట: “బొమ్మ మునుపటికంటె స్పష్టముగా నుండును, కావున పాత యంత్రమును తీసివేసి కొత్తది కొనుము, చూచిన సినిమానే మరల కొనుము.” ఇంతకంటె మేలైన డిస్కు వినియోగదారునకు నిజముగా కావలెనా అను ప్రశ్న పైకి చిన్నదిగా తోచును. కాని ఒక వస్తువునకు ఎంతటి గుణము చాలునో నిర్ణయింపవలసినది దానిని చేయువాడా, అమ్మువాడా, వాడుకొనువాడా అను పెద్ద ప్రశ్న దాని వెనుక దాగి యున్నది.

చరిత్రను పరికించినచో ఈ రంగమున గెలుపోటములను నిర్ణయించినది బొమ్మ నాణ్యమొక్కటే కాదని తేలును. 1975లో జపానునందు సోనీ సంస్థ బీటామాక్స్ టేపును ప్రవేశపెట్టినది. మరుసటి యేడు, 1976లో, జేవీసీ సంస్థ వీహెచ్ఎస్ టేపును తెచ్చినది. బీటామాక్స్ బొమ్మయే మెరుగని వాదించినవారు పలువురు కలరు. కాని దాని తొలి టేపుపై ఒక గంట మాత్రమే పట్టును. వీహెచ్ఎస్ టేపుపై రెండు గంటలు పట్టును. సినిమా ఒక గంటలో ముగియదు గదా! పైగా వీహెచ్ఎస్ యంత్రములను చేయుటకు అనేక సంస్థలకు అనుమతి లభించుటచే వాటి ధర తగ్గినది. 1978లో అమెరికాలో వెలువడిన లేజర్ డిస్కు ఈ రెండింటికంటె స్పష్టమైన బొమ్మను చూపినది. 30 సెంటీమీటర్ల వ్యాసము గల ఆ పళ్లెము గ్రామఫోను రికార్డును తలపించును. అయినను దానిపై ఇంటివారు ఏదియు ముద్రించుకొనజాలరు. ఒక్కొక్క వైపున గంటకు మించి పట్టదు కావున సినిమా నడుమ దానిని త్రిప్పవలసి వచ్చెడిది. నాణ్యమున ముందున్న ఆ సాధనము అమ్మకములలో వెనుకబడినది.

ఆసియా ఖండమున జరిగిన కథ ఇంకను విచిత్రమైనది. 1993లో రూపొందిన వీసీడీ బొమ్మలో అడ్డముగ 352, నిలువుగ 288 చుక్కలు మాత్రమే యుండును. అనగా మొత్తము మీద ఒక లక్ష చుక్కలు. ఒక్కొక్క డిస్కుపై పట్టునది 74 నిమిషములు. రెండున్నర గంటల తెలుగు సినిమాకు రెండు, మూడు డిస్కులు కావలసి యుండెను. వేగముగా సాగు దృశ్యములలో బొమ్మ చదరపు ముక్కలుగా చెదరిపోయెడిది. అమెరికాలో దీనిని పట్టించుకొన్నవారు లేరనవచ్చును. కాని చైనా, ఆగ్నేయాసియా, భారతదేశములలో అది ఇంటింట ప్రవేశించినది. కొన్నవారు మంచిచెడ్డలు ఎరుగనివారు కారు. టేపు మాటిమాటికి ఆడించినచో అరిగిపోవును. వానకాలపు తేమకు బూజు పట్టును. యంత్రములో చిక్కుకొని తెగును. వీసీడీకి ఈ బాధలు లేవు, ధరయు తక్కువ. వారు కోరినది అందుబాటు, అది దొరికినది.

ఈ అందుబాటును కడదాక కొనిపోయినది మోజర్ బేర్ అను భారతీయ సంస్థ. 2007 ప్రాంతమున ఆ సంస్థ వీసీడీని 28 రూపాయలకు, డీవీడీని 34 రూపాయలకు అమ్మజొచ్చినది. తెలుగు సినిమాలు సైతము ఈ ధరలకు లభించినవి. దొంగ ప్రతులమ్మువానికి పోటీగా నిజమైన ప్రతి అదే వెలకు దొరకుట అంతకుముందు దాదాపు ఎరుగని విషయము. ఒక మధ్యతరగతి యుపాధ్యాయుడు పౌరాణిక చిత్రములను పది, పదునైదు కొని అలమరలో పుస్తకముల ప్రక్కన పెట్టుకొనగలిగిన కాలమది. కాని ఆ సంస్థయు నిలువలేదు. 2018లో దాని ఆస్తులను అమ్మివేయుటకు న్యాయాధికరణము ఆజ్ఞ యొసగినది.

ఇక డీవీడీ సంగతి. 1996లో జపానులోను, 1997లో అమెరికాలోను అది వెలువడినది. దీనిలో బొమ్మ నాలుగు లక్షల చుక్కలకు పెరిగినది. కాని దాని విజయమునకు బొమ్మ యొక్కటే కారణము కాదు. టేపువలె వెనుకకు చుట్టనక్కరలేదు. కోరిన ఘట్టమునకు ఒక్క గంతులో పోవచ్చును. ఇష్టమైన భాషలో ఉపశీర్షికలు చదువుకొనవచ్చును. ఒక అలమరలో పట్టు టేపులకంటె డిస్కులు అనేక రెట్లు పట్టును. మెరుగైన బొమ్మతోపాటు సౌకర్యమును పెరిగినది కావుననే జనులు దానిని కౌగిలించుకొనిరి.

తరువాత వచ్చిన మార్పునకు మూలము కాంతి శాస్త్రము. డిస్కుపై సమాచారము సూక్ష్మమైన గుంటల రూపమున నుండును; దానిని లేజరు కిరణము చదువును. కిరణపు తరంగము ఎంత పొట్టిదైన గుంటలు అంత చిన్నవిగా నుండవచ్చును. సీడీని చదువునది 780 నానోమీటర్ల కిరణము. డీవీడీని 650 నానోమీటర్ల ఎఱ్ఱని కిరణము. బ్లూ-రేను 405 నానోమీటర్ల నీలలోహిత కిరణము. అందుచే అదే 12 సెంటీమీటర్ల బిళ్లపై, ఒక్కొక్క పొరలో, డీవీడీ 4.7 గిగాబైట్లు పట్టింపగా బ్లూ-రే 25 గిగాబైట్లు పట్టింపగలిగినది. బొమ్మ సుమారు 20 లక్షల చుక్కలకు పెరిగినది. 2006లో తోషిబా సంస్థ పక్షమున హెచ్‌డీ డీవీడీ, సోనీ ప్రభృతుల పక్షమున బ్లూ-రే బరిలో దిగినవి. రెండు సంవత్సరములు సాగిన ఆ పోరు, 2008 జనవరిలో వార్నర్ సంస్థ బ్లూ-రే పక్షమునకు మరలుటతో తేలిపోయినది. ఫిబ్రవరిలో తోషిబా విరమించినది. ఓడిన పక్షపు యంత్రములను అప్పటికే కొన్న వినియోగదారులకు మిగిలినవి ఇక కొత్త సినిమాలు రాని పెట్టెలు. కంపెనీల పోరులో నష్టము కొన్నవానిది కూడ అగును.

2016లో అల్ట్రా హెచ్‌డీ బ్లూ-రే వచ్చినది. చుక్కలు 83 లక్షలకు చేరినవి. ఇచట కంటి మాట విచారింపవలెను. ఆరోగ్యవంతమైన మానవ నేత్రము ఒక డిగ్రీలో 60వ వంతు కోణమునకు లోపడిన రెండు చుక్కలను వేర్వేరుగా గుర్తింపజాలదు. ఈ లెక్కనుబట్టి చూచినచో, పాతకాలపు 21 అంగుళముల టెలివిజనుకు 7 అడుగుల దూరమున కూర్చున్నవానికి డీవీడీ చూపు వివరమే కంటికి చాలినంత; అంతకుమించిన వివరము ఆ తెరపై ఇచ్చినను అది వృథా. 40 అంగుళముల తెరపై బ్లూ-రే చుక్కలు 5 అడుగుల పైచిలుకు దూరము దాటినంతనే ఒకదానిలో ఒకటి కలిసిపోవును. 65 అంగుళముల తెరకు ఆ దూరము ఎనిమిదిన్నర అడుగులు. కావున 40 అంగుళముల తెరను గోడకు తగిలించి, ఎదుటి గోడవద్ద 8 అడుగుల దూరమున కూర్చుండు కుటుంబమునకు 20 లక్షల చుక్కలకును 83 లక్షల చుక్కలకును భేదము కనబడదు. పాఠశాలలో భౌతికశాస్త్రము చదువు విద్యార్థి యెవడైనను ఈ లెక్కను కాగితముపై వేసి చూచుకొనవచ్చును.

అయినను కొత్త రూపమునందు మేలేమియు లేదనుట న్యాయము కాదు. అల్ట్రా హెచ్‌డీ డిస్కు చుక్కల సంఖ్యతోపాటు వర్ణముల విస్తృతిని, వెలుగునీడల అంతరమును గూడ పెంచినది. దీపపు వెలుగులో ముఖము, నీడలో చీర అంచు, సంధ్యాకాశపు రంగుల తీరు ఇందులో నిండుగ కనబడును. ఈ మేలు దూరముతో తరుగునది కాదు. ఐతే దానిని చూపగల తెర కూడ ఉండవలెను. అట్టి తెరలు ఖరీదైనవి. పెద్ద తెర, చీకటి గది, ఓపిక గల రసికునకు అది అవసరమే. సామాన్య గృహస్థునకు అది కోరిక మాత్రమే. అవసరమునకును కోరికకును గల భేదమును చెరిపివేయుటయే వ్యాపార ప్రకటనల ప్రధాన వృత్తి.

సంగీత రంగమున ఇట్టి పరీక్ష అంతకుముందే జరిగినది. 1982లో వచ్చిన సీడీని మించిన నాణ్యముతో 1999లో సూపర్ ఆడియో సీడీ, 2000లో డీవీడీ ఆడియో వెలువడినవి. జనులు వాటివైపు పోలేదు. సీడీకంటె తక్కువ నాణ్యము గల ఎంపీ3 పాటలవైపు పోయిరి. చెవికి చాలినంత లభించిన పిమ్మట మనుష్యుడు కోరునది ఇంకను శ్రేష్ఠమైన ధ్వని కాదు, వేయి పాటలు జేబులో నుండుట. చలనచిత్రముల విషయమునను ఇదియే జరిగినది. అల్ట్రా హెచ్‌డీ డిస్కు సెకనుకు 128 మెగాబిట్ల వరకు సమాచారమును అందింపగలదు. అదే స్థాయి బొమ్మను అంతర్జాలము ద్వారా చూచుటకు 15 మెగాబిట్ల వేగము చాలునని నెట్‌ఫ్లిక్స్ చెప్పుచున్నది. ఈ రెండింటి నడుమ వ్యత్యాసము చిన్నది కాదు. అయినను జనులు డిస్కును విడిచి ప్రసారమును వరించిరి. భారతదేశమున 2016లో జియో సంస్థ రంగప్రవేశము చేసిన పిదప డేటా ధర పడిపోవుటతో డిస్కుల దుకాణములు వేగముగ మూతపడినవి. 1998లో డీవీడీలను తపాలాలో పంపుటతో వ్యాపారము ఆరంభించిన నెట్‌ఫ్లిక్స్ సంస్థయే 2023 సెప్టెంబరులో ఆ సేవను ముగించినది.

ఇంతవరకు చెప్పినదానినిబట్టి కొత్త డిస్కు అక్కరలేదని తేల్చివేయవచ్చునని తోచును. కాని విషయము అచటనే ముగియుట లేదు. డిస్కు పోవుటతో బొమ్మ నాణ్యమొక్కటే కాక మరియొకటి కూడ చేజారినది. అది స్వామ్యము.

1998లో అమెరికాలోని సర్క్యూట్ సిటీ అను దుకాణముల సంస్థ డివిక్స్ అను నూతన డిస్కును అమ్మకమునకు పెట్టినది. దానిని కొన్నవాడు 48 గంటలు మాత్రమే చూడవచ్చును. పిమ్మట చూడదలచినచో మరల డబ్బు చెల్లింపవలెను. యంత్రము టెలిఫోను తీగ ద్వారా కంపెనీకి లెక్క చెప్పుచుండును. డిస్కు తన చేతిలోనే యున్నను అనుమతి మరియొకని చేతిలో నుండుటను జనులు సహింపలేదు. 1999 జూనులో ఆ పద్ధతి అంతరించినది. ఇరువది సంవత్సరములు గడచునప్పటికి అదే ఏర్పాటును, చేతిలో డిస్కు కూడ లేకుండ, లోకమంతయు చిరునవ్వుతో అంగీకరించినది. నెలసరి రుసుము చెల్లించునంతవరకే చూపు. హక్కుల గడువు తీరినచో సినిమా రాత్రికి రాత్రి మాయము. 2009లో అమెజాన్ సంస్థ, అమ్మినవానికి ప్రచురణ హక్కు లేదని తెలిసి, పాఠకుల కిండిల్ పరికరములనుండి జార్జి ఆర్వెల్ నవలలను వారికి చెప్పకుండ తొలగించినది. తీసివేయబడినవానిలో ‘1984’ ఉండుట విధి విలాసము. వెల తిరిగి చెల్లింపబడినది, నిజమే. కాని అలమరలోని పుస్తకమును అమ్మినవాడు వచ్చి కొనిపోజాలడు గదా! కాలిఫోర్నియా రాష్ట్రము 2024లో ఒక చట్టము చేసి, కంపెనీ వెనుకకు తీసికొనగల సరకును అమ్మునపుడు కొనువానికి లభించునది అనుమతియే గాని స్వామ్యము కాదని స్పష్టముగ చెప్పవలెనని విధించినది. 2025 జనవరి 1 నుండి అది అమలులో నున్నది. మాటల అర్థమును కాపాడుటకు చట్టము కావలసివచ్చిన కాలమిది.

ఉపాధ్యాయ లోకమునకు ఈ భేదము ప్రత్యేకముగ గమనింపదగినది. 1957 నాటి భారత కాపీరైటు చట్టములోని 52వ సెక్షను, విద్యాసంస్థ కార్యక్రమములలో భాగముగా ఉపాధ్యాయులు, విద్యార్థులు, వారి తల్లిదండ్రులు మొదలగువారికే పరిమితమైన సభలో చలనచిత్రమును ప్రదర్శించుటకు అవకాశమిచ్చుచున్నది. కొన్న డిస్కు బడిలో నున్నచో ఆ అవకాశమును ఎవరిని అడుగకయే వినియోగించుకొనవచ్చును. అంతర్జాలము అందని పల్లెలోను, కరెంటు ఉన్న వేళ, పాఠము సాగును. చందా ఖాతా సంగతి వేరు. అది సాధారణముగ సొంత వినియోగమునకే అను ఒప్పందముపై లభించును. చట్టము తెరచిన తలుపును ఒప్పందము మూయుచున్నది.

ఐతే డిస్కు శాశ్వతమని భ్రమపడుటయు తగదు. డిస్కు నిలిచినను యంత్రము నిలువవలెను గదా! జపానుకు చెందిన ఫునాయ్ సంస్థ 2016లో వీహెచ్ఎస్ యంత్రముల తయారీని విరమించుటతో లోకమున కోట్లాది టేపులు మూగవైనవి. శామ్‌సంగ్, ఎల్‌జీ వంటి సంస్థలు బ్లూ-రే యంత్రములనుండి ఇదివరకే తప్పుకొనినవి. ఈ విషయమున డిస్కుల వంశమునకు ఒక సుగుణము కలదు. 1982 నాటి సీడీ, 1997 నాటి డీవీడీ, 2006 నాటి బ్లూ-రే అన్నియు 12 సెంటీమీటర్ల బిళ్లలే. కొత్త యంత్రములు పాత డిస్కులను చాలవరకు చదువుచునే యున్నవి. టేపులకు ఈ భాగ్యము కలుగలేదు. కొత్త రూపమును తూచుటకు ఇంతకంటె మంచి తూనికరాయి లేదు: అది పాతదానిని ఆదరించునా, వెళ్లగొట్టునా? ప్రాంతముల సంకెళ్లు మరియొక దోషము. డీవీడీలలో అమెరికాది 1వ ప్రాంతము, భారతదేశముది 5వ ప్రాంతము. అమెరికాలోని తెలుగువాడు అచట కొన్న హాలీవుడ్ డిస్కును స్వగ్రామమునకు తెచ్చినచో ఇంటి యంత్రము దానిని త్రోసిపుచ్చును. అల్ట్రా హెచ్‌డీ బ్లూ-రేలో ఈ సంకెల తీసివేయబడినది. దానిలోని 83 లక్షల చుక్కలకంటె ఈ స్వేచ్ఛయే సామాన్యునకు ఎక్కువ మేలు.

తుదకు అన్నింటికంటె ముఖ్యమైన విషయము డిస్కులో లేదు, దానికి మూలమైన ఫిల్ములో నున్నది. అరిగిపోయిన ప్రతినుండి తీసిన బొమ్మ వీసీడీపై ఎంత మసకయో అల్ట్రా హెచ్‌డీపైనను అంతే మసక. గీతలు మాత్రము ఇంకను స్పష్టముగ కనబడును. సత్యజిత్ రాయ్ ‘అపు’ చిత్రత్రయపు మూల నెగెటివులు 1993లో లండనులోని ఒక ప్రయోగశాలలో సంభవించిన అగ్నిప్రమాదమున కాలినవి. అమెరికా నిపుణులు ఆ శిథిలములను దాచగా, ఇటలీలోని బొలోన్యా నగరమున వాటిని పోగుపోగుగ బాగుచేసి, ‘పథేర్ పాంచాలీ’లో 40 శాతమును మూల నెగెటివునుండియే ఉద్ధరించిరి. 2015లో ఆ చిత్రములు బ్లూ-రే డిస్కులుగా వెలువడినవి. అచట మేలైన డిస్కు సార్థకమైనది. ఏలనన అది మోయుటకు తగిన సరకు దానికి దొరికినది. తెలుగునాట 1957 నాటి ‘మాయాబజార్’కు రంగులద్ది 2010లో విడుదల చేసినపుడు ప్రజలు థియేటర్లకు తరలివచ్చిరి. రంగుల మంచిచెడ్డలపై భిన్నాభిప్రాయము లుండవచ్చును గాని, పాత చిత్రమునకు ఆదరణ లేదను వాదమునకు అది సమాధానము. ఇంకొక వంక 1932లో వచ్చిన తొలి తెలుగు టాకీ ‘భక్త ప్రహ్లాద’ను చూతమన్నను నేడు ప్రతి దొరకదు. ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగమన్నట్లు, ఫిల్ము లేని సినిమాకు డిస్కు రూపము ఏదైన నేమి?

కావున మూలప్రశ్నకు సమాధానము ఇట్లు చెప్పవచ్చును. చుక్కల సంఖ్యను మరల పెంచు కొత్త డిస్కు సామాన్య వినియోగదారునకు అక్కరలేదు. ఆతని కన్నును, గదియును దానిని అడుగుట లేదు. కాని డిస్కు అను వస్తువే అక్కరలేదనుట వేరొక మాట, దానిని ఒప్పుకొనరాదు. తన సొంతమని చెప్పుకొనదగిన ప్రతి, పాత యంత్రమునను కొత్త యంత్రమునను ఆడునది, సరసమైన వెలకు, శ్రద్ధగ బాగుచేసిన మూలమునుండి తీసినది ఒకటి దొరకుట వినియోగదారుని న్యాయమైన కోరిక. బడి గ్రంథాలయమున చినిగిన అట్టతో నున్న పాత పుస్తకము కొత్త ముద్రణ వచ్చినను పనికిమాలినది కాదు; అచటనే యుండి, తెరచినవానికెల్ల తెరచుకొనుటయే దాని గొప్పతనము. మేలైన బొమ్మను కోరుటకు ముందు ఆ పాటి గుణమును కోరుట వివేకము. ఆ యక్కర తీర్చునది ప్రయోగశాలలో పుట్టు కొత్త బిళ్ల కాదు. ఉన్న చిత్రములను చెడిపోకుండ దాచు భాండాగారము, వాటిని న్యాయమైన వెలకు అమ్ము వర్తకుడు, కొని దాచుకొను పాఠకునివంటి ప్రేక్షకుడు.